ఎండాకాలపు కరెంటును వానాకాలానికి దాచుకోగలమా?

సౌరవిద్యుత్తు గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం రెండు విషయాల చుట్టూ తిరుగుతున్నాయి. ఉత్పత్తి ఒక్కో కాలంలో ఒక్కో రకంగా ఎందుకుంటుందన్నది మొదటిది. మిగిలిన కరెంటును దాచుకునే మార్గమేమిటన్నది రెండోది. ఆ ఉత్తరాల్లోంచి ఆరింటిని ఎంచుకుని, వాటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజుకు పదమూడు, పద్నాలుగు యూనిట్లు వచ్చాయి. మే నెలలో ఎండలు మండిపోతున్నా పన్నెండుకు తగ్గింది. జూలైలో తొమ్మిదికి పడిపోయింది. ప్యానెళ్లు పాడయ్యాయేమోనని అనుమానంగా ఉంది. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీరు పంపిన అంకెలను బట్టి చూస్తే ప్యానెళ్లలో లోపమేమీ కనిపించడం లేదు. మన ప్రాంతంలో ఏడాది పొడుగునా ఉత్పత్తి నడిచే తీరే అది.

ప్యానెల్‌కు కావలసింది వెలుతురు మాత్రమే. వేడి దానికి హాని చేస్తుంది. ప్యానెల్ వెనుక అంటించిన కాగితంపై ఉండే సామర్థ్యం, దాని ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు కొలిచినది. అంతకు మించి పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట గాలి ఉష్ణోగ్రత 43 డిగ్రీలుంటే, డాబా మీది ప్యానెల్ 65 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ 40 డిగ్రీల తేడాకు 12 నుంచి 16 శాతం నష్టం లెక్కకు వస్తుంది. ఫిబ్రవరిలో ఆకాశం తేటగా ఉండి గాలి ఇంకా చల్లగా వీస్తుంది కాబట్టే ఆ రోజుల్లో అంత బాగా వచ్చింది. దీనికి తోడు వేసవిలో వానలు లేక పేరుకునే దుమ్ము ఒకటి ఉండనే ఉంది.

జూలైలో పడిపోవడానికి కారణం పూర్తిగా మబ్బులే. కరీంనగర్ అక్షాంశంలో సూర్యుడు మే రెండో వారంలో ఒకసారి, జూలై చివర్లో మరోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అంటే ఆకాశంలో సూర్యుడి స్థానాన్ని బట్టి చూస్తే జూలై మంచి నెలే. అప్పుడు పగటి పొద్దు కూడా డిసెంబరులో కంటే దాదాపు రెండు గంటలు ఎక్కువ. అయినా నైరుతి రుతుపవనాల మేఘాలు ఆ లాభమంతటినీ మింగేస్తాయి. ముసురు పట్టిన రోజున మీ మూడు కిలోవాట్లకు మూడు, నాలుగు యూనిట్లే రావచ్చు. ఉత్పత్తి సున్నాకు మాత్రం పడిపోదు, ఎందుకంటే మేఘాల గుండా చెదిరి వచ్చే వెలుతురుతో కూడా ప్యానెల్ పనిచేస్తుంది.

అనుమానం తీర్చుకోవాలంటే ఈ నెల ఉత్పత్తిని కిందటి ఏడాది ఇదే నెలతో పోల్చి చూడాలి కాని, కిందటి నెలతో కాదు. మబ్బు లేని రోజున మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తెర మీద ఎంత చూపిస్తోందో కూడా చూడండి. 3 కిలోవాట్ల వ్యవస్థకు 2.2 నుంచి 2.5 కిలోవాట్ల దాకా కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. తేటగా ఉన్న రోజున కూడా 1.8 దాటకపోతే ముందు దుమ్మును, ఆ తర్వాత నీడను అనుమానించాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు కాబట్టి, వేసవిలో ప్యానెల్‌ను తాకని నీళ్ల ట్యాంకు నీడ డిసెంబరులో దాని మీదికి రావచ్చు. ప్యానెళ్లు కడిగేటప్పుడు తెల్లవారుజామునే కడగండి. మిట్టమధ్యాహ్నం కాగి ఉన్న గాజు మీద చల్లని నీళ్లు పోస్తే గాజు పగిలే ప్రమాదం ఉంది.

ప్రశ్న: వానాకాలంలో ఉత్పత్తి తగ్గుతుందని అందరూ చెబుతారు. మాకు జూలై, ఆగస్టు నెలల్లో ఫరవాలేదు. నవంబరులోనే బాగా తగ్గుతోంది. (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: మీ ప్రాంతానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో వస్తాయి. అల్పపీడనాలు, వాయుగుండాలు వరసకట్టే ఆ రోజుల్లోనే పొద్దు కూడా తగ్గి, సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. అంటే మబ్బు, తక్కువ పొద్దు, ఏటవాలు కిరణాలు మూడూ మీకు ఒకేసారి కలిసి వస్తాయి. తెలంగాణకు, రాయలసీమలోని చాలా భాగానికి ఈ ఇబ్బంది లేదు. ప్యానెళ్లను దక్షిణ ముఖంగా 15 డిగ్రీల వాలుతో పెట్టించి ఉంటే అంతకు మించి మీరు చేయగలిగింది పెద్దగా లేదు. కాలానికో రకంగా వాలు మార్చుకుంటే కొన్ని శాతాల లాభం ఉంటుంది గాని, దానికోసం ఇంటివాళ్లు డాబా ఎక్కి బోల్టులు విప్పడం నా దృష్టిలో ప్రమాదకరం, అనవసరం.

ప్రశ్న: మా ఇంటికి రోజుకు పది యూనిట్లు చాలు. మార్చిలో రోజుకు నాలుగు యూనిట్ల దాకా మిగులుతోంది. ఆ మిగులునంతా పెద్ద బ్యాటరీల్లో నింపి, వానాకాలంలో కొరత పడినప్పుడు వాడుకుంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) మీద ఆధారపడకుండా బతకవచ్చు కదా? (ఒక ఉపాధ్యాయుడు, వరంగల్)

జవాబు: మీ ఆలోచన సహజమైనదే. కానీ దాని ఖర్చును లెక్కవేసి చూస్తే తప్ప అందులోని ఇబ్బంది కనపడదు కాబట్టి, దయచేసి కొంచెం ఓపికగా చదవండి.

రోజుకు నాలుగు చొప్పున మార్చి నెలంతా మిగిలేది 124 యూనిట్లు. ఒక యూనిట్ దాచగల లిథియం బ్యాటరీకి రూ.20,000 అవుతుందనుకుందాం. 124 యూనిట్లకు రూ.24,80,000 కావాలి. ఆ బ్యాటరీ మార్చిలో నిండి, జూలైలో ఖాళీ అవుతుంది. ఏడాదికి అది చేసే పని అంతే. యూనిట్‌కు ఏడు రూపాయలు వేసుకున్నా ఆ కరెంటు విలువ వెయ్యి రూపాయలు కూడా దాటదు. బ్యాటరీ పదేళ్లు పనిచేస్తే, అందులోంచి బయటికి తీసిన ప్రతి యూనిట్‌కూ మీరు రెండు వేల రూపాయలు చెల్లించినట్టవుతుంది. పైగా నిండా చార్జి చేసిన బ్యాటరీని ఏప్రిల్, మే నెలల వేడిలో కదపకుండా ఉంచితే దాని ఆయుష్షు మరింత త్వరగా తరుగుతుంది. వడ్లను గాదెలో పోసి ఏడాదంతా తిన్నట్టు కరెంటును బ్యాటరీలో పోసి ఏడాదంతా వాడుకోవడం కుదరదు.

ఇప్పుడు అదే బ్యాటరీని చిన్నదిగా, అయిదు యూనిట్లకు తీసుకున్నారనుకోండి. ఖర్చు లక్ష రూపాయలు. పగలు నింపి రాత్రి వాడుకుంటే ఏడాదికి మూడు వందల రాత్రులకు పదిహేను వందల యూనిట్లు, పదేళ్లకు పదిహేను వేల యూనిట్లు అందులోంచి వస్తాయి. యూనిట్‌కు ఏడు రూపాయల లోపే పడుతుంది. రెండు లెక్కల్లోనూ బ్యాటరీ రకం ఒక్కటే, ధర ఒక్కటే. ఎన్నిసార్లు నింపి ఎన్నిసార్లు ఖాళీ చేశామన్నదే తేడా. బ్యాటరీ కొనేవారు అన్నింటికన్నా ముందు వేసుకోవలసిన లెక్క ఇదే. బ్యాటరీ పగటికీ రాత్రికీ మధ్య ఉన్న లోటును పూడ్చడానికి పనికొస్తుంది, వేసవికీ వానాకాలానికీ మధ్య ఉన్న లోటును పూడ్చడానికి పనికిరాదు.

మీకు నెట్ మీటర్ ఉంటే ఆ చిన్న బ్యాటరీ కూడా డబ్బు లెక్కన అవసరం లేదు. మీరు పగలు లైనులోకి పంపిన యూనిట్లు మీ ఖాతాలో జమ అవుతాయి, రాత్రి వాడుకున్నవి అందులోంచి తీసివేస్తారు. మార్చి మిగులు ఎంతకాలం మీ ఖాతాలో ఉంటుంది, గడువు తీరాక మిగిలినదానికి ఏ ధర కడతారు అన్న వివరాలు డిస్కంతో మీరు కుదుర్చుకున్న ఒప్పంద పత్రంలో ఉంటాయి. దాన్ని తీసి ఒకసారి చదవండి. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు వచ్చే రూ.78,000 రాయితీని కూడా బ్యాటరీని బట్టి కాక, ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టే లెక్క కడతారన్న సంగతి గుర్తుంచుకోవాలి.

డిస్కం మీద ఆధారపడకూడదన్న మీ మాట మీద మరొక్క సంగతి చెప్పాలి. మీ ఇంటికి జూలైలో వచ్చే కొరతను తీర్చేది నిజానికి ఆ లైనే. తెలంగాణలో కరెంటు వాడకం ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో శిఖరానికి చేరుతుంది, ఎందుకంటే యాసంగి వరికి బోర్లన్నీ నడిచే రోజులూ, ఫ్యాన్లూ ఏసీలూ మొదలయ్యే రోజులూ అప్పుడు కలుస్తాయి. సౌరవిద్యుత్తు బాగా వచ్చే రోజులు కూడా అవే. వానలు పడ్డాక బోర్ల మీద భారం తగ్గుతుంది. ఎండ తగ్గిన ఆ నాలుగు నెలల్లోనే అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల కొండల మీది గాలిమరలు ఏడాది మొత్తంలో అన్నింటికన్నా ఎక్కువ కరెంటు ఇస్తాయి, ఎగువన వానలు బాగా కురిస్తే శ్రీశైలంలో జలవిద్యుత్తు కూడా మొదలవుతుంది. దేశంలో 1901 తర్వాత అంత పొడిగా గడవలేదన్న 2023 ఆగస్టు లాంటి నెల వస్తే ఈ అమరిక దెబ్బతింటుంది. వాన లేక బోర్లు నడుస్తాయి, జలాశయాలు నిండవు. కాకపోతే అలాంటి నెలలో మబ్బులు తక్కువ కాబట్టి ప్యానెళ్లకు ఎండ దొరుకుతుంది. మన రాష్ట్రాలకు ప్రకృతి ఇచ్చిన ఈ సర్దుబాటు చిన్నది కాదు. ఇంటింటా వానాకాలం కోసం బ్యాటరీలు పేర్చుకోవడం దాన్ని వదులుకోవడమే అవుతుంది.

ప్రశ్న: మా జిల్లాలోని పిన్నాపురంలో నీళ్లను పైకి తోడి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీస్తారట. తోడటానికి కరెంటు ఖర్చవుతుంది కదా, ఇందులో లాభమేమిటి? మా ఇంటి మీద 1,000 లీటర్ల ట్యాంకు ఉంది, దానితో కూడా ఇలా చేయవచ్చా? (ఒక విద్యార్థిని, నంద్యాల)

జవాబు: చాలా మంచి ప్రశ్న. తోడటానికి అయ్యే ఖర్చు తిరిగి వచ్చే కరెంటు కంటే ఎక్కువే. వంద యూనిట్లు పెట్టి నీళ్లు తోడితే తిరిగి వచ్చేవి 75 నుంచి 80 యూనిట్లు. అయినా ఈ పద్ధతి నిలబడుతోందంటే దానికి కారణం వేళ. మధ్యాహ్నం పన్నెండు గంటలకు సౌరవిద్యుత్తు అవసరానికి మించి ఉంటుంది, కొన్నిసార్లు ఉత్పత్తిని ఆపేయవలసి కూడా వస్తుంది. సాయంత్రం ఏడు గంటలకు ప్యానెళ్ల నుంచి వచ్చేది సున్నా, ఇళ్లలో వాడకం మాత్రం హెచ్చుగా ఉంటుంది. వృథాగా పోయే వంద యూనిట్లను అత్యవసరమైన వేళకు 75 యూనిట్లుగా మార్చుకోవడం మంచి బేరమే.

తెలుగు నేలకు ఇది కొత్తేమీ కాదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఒక్కొక్కటి 150 మెగావాట్ల ఆరు యంత్రాలూ, నాగార్జునసాగర్‌లోని ఏడు యంత్రాలూ రెండు వైపులా తిరిగేవే. ఒక వైపు తిరిగితే కరెంటు ఇస్తాయి, మరో వైపు తిరిగితే దిగువ నీటిని పైకి తోడతాయి. అయితే అవి నది మీద ఉన్నాయి కాబట్టి ఎగువా దిగువా నీటిమట్టాలు అనుకూలించాలి, సాగునీటికీ తాగునీటికీ ముందు దారి ఇవ్వాలి. పిన్నాపురం పథకాన్ని నదికి దూరంగా రూపొందించారు. గోరకల్లు జలాశయం నుంచి తెచ్చిన నీటినే రెండు జలాశయాల మధ్య పైకీ కిందికీ తిప్పుతూ, ఆవిరైనంత మేరకే మళ్లీ నింపుకుంటారు. దాని సామర్థ్యం 1,680 మెగావాట్లు. పై జలాశయం ఒకసారి నిండితే అంత సామర్థ్యంతో సుమారు ఆరు గంటలు నడిచి, ఒక కోటి యూనిట్లు ఇవ్వగలదు. అంత పెద్ద నిర్మాణం కూడా దాచేది ఆరు గంటల కరెంటునే అన్నది గమనించండి. అదీ రాత్రి కోసమే.

ఇక మీ ట్యాంకు సంగతి చూద్దాం. 1,000 లీటర్లంటే 1,000 కిలోలు. దాన్ని 10 మీటర్ల ఎత్తుకు చేర్చినప్పుడు అందులో ఉండే శక్తి, 1,000ని 9.8తోనూ 10తోనూ హెచ్చిస్తే, 98,000 జౌళ్లు. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. భాగహారం చేస్తే 0.027 యూనిట్ వస్తుంది. నష్టమేమీ లేదనుకున్నా, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు మూడు గంటలు వెలుగుతుంది, అంతే. నీటితో శక్తిని దాచాలంటే చాలా నీళ్లూ చాలా ఎత్తూ రెండూ కావాలని ఈ లెక్క చెబుతోంది. నూరు మీటర్ల ఎత్తున్న కొండ మీద కూడా ఒక్క యూనిట్‌కు సుమారు 3,700 లీటర్లు కావాలి. మీ ట్యాంకు వేరే విధంగా మాత్రం ఉపయోగపడుతుంది. తెల్లవారుజామున మోటారు వేసే అలవాటు మానుకుని పదకొండు గంటలకు వేసి ట్యాంకు నింపుకుంటే, ఆ మోటారుకు కావలసిన కరెంటు నేరుగా ఎండ నుంచే వస్తుంది. దాచిపెట్టి మళ్లీ తీసే పనే ఉండదు.

ప్రశ్న: ఇంటి మీద ప్యానెళ్లుండగా పట్టపగలు కరెంటు పోతే ఇల్లంతా ఎందుకు ఆగిపోతోంది? దీనికి బ్యాటరీ పెట్టుకోవాలంటే ఏ రకం మంచిది? (ఒక గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: లైనులో కరెంటు లేనప్పుడు మీ ఇన్వర్టర్ ఆగిపోయేలా కావాలనే తయారుచేశారు. లైను బాగు చేయడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్, సరఫరా ఆపేశామన్న ధైర్యంతో తీగను ముట్టుకుంటాడు. మీ డాబా మీది కరెంటు ఆ సమయంలో తీగలోకి పోతే అతని ప్రాణం పోతుంది. కాబట్టి ఈ ఏర్పాటును తప్పించే చిట్కాలు ఎవరైనా చెబితే దయచేసి వినకండి. కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. అది ముందు ఇంటిని లైను నుంచి వేరు చేసి, ఆ తర్వాతే సరఫరా మొదలుపెడుతుంది.

బ్యాటరీ రకం మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. మార్కెట్లో ఎక్కువగా కనిపించే 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి. ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి. ఎప్పుడో గంటా రెండు గంటలు కరెంటు పోయే ఊళ్లో నాలుగు ఫ్యాన్లకు, కొన్ని లైట్లకు అది చాలు. 30 వాట్లలో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టుకుంటే పాత 75 వాట్ల ఫ్యాన్లతో పోలిస్తే రెట్టింపు సమయం పైగా వస్తుంది. అదే డబ్బుతో రెండో బ్యాటరీ కొనడం కన్నా ఇదే నయమని నా అభిప్రాయం. ఎప్పటికప్పుడు డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకుంటూ ఉండాలి. చార్జి అయ్యేటప్పుడు దాని నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోటే పెట్టాలి. పూజగదిలోనో, తలుపులు మూసి ఉంచే సామాన్ల గదిలోనో పెట్టకూడదు. రోజూ రాత్రి బ్యాటరీ మీదే ఇల్లు నడవాలనుకునేవారికి మాత్రం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమే తగినది. దానిలో 80 నుంచి 90 శాతం దాకా వాడుకోవచ్చు, వేల సార్లు నింపి ఖాళీ చేయవచ్చు. దాన్ని కూడా నేరుగా ఎండ తగలని, నీడపట్టున ఉన్న గోడకు బిగించాలి.

ప్రశ్న: మేము జర్మనీలో మ్యూనిక్ దగ్గర సొంత ఇల్లు కట్టుకున్నాం. 10 యూనిట్ల బ్యాటరీ పెట్టించాం. డిసెంబరులో అది రోజుల తరబడి ఖాళీగానే ఉంటోంది. అనంతపురంలో వ్యవసాయం చేసే మా నాన్నగారు కూడా తన సోలార్ పంపుసెట్టుకు బ్యాటరీ కావాలంటున్నారు. మా ఇద్దరికీ సలహా ఇవ్వగలరు. (ఒక పాఠకుడు, జర్మనీ)

జవాబు: మీ ఇద్దరి సమస్యలు ఒకటి కావు. మ్యూనిక్ 48 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరు నెలాఖరులో అక్కడ మధ్యాహ్నం కూడా సూర్యుడు 18 డిగ్రీలకు మించి పైకి రాడు, పొద్దు ఎనిమిది గంటల పైచిలుకే. హైదరాబాదులో అదే రోజున సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. మీ ప్యానెళ్లు జూన్‌లో ఇచ్చే కరెంటులో నాలుగో వంతు డిసెంబరులో రావడమే గొప్ప, మంచు కప్పితే అదీ రాదు. ఉత్పత్తి ఇంటి పగటి వాడకానికే చాలనప్పుడు బ్యాటరీలోకి వెళ్లడానికి ఏమీ మిగలదు. మీ బ్యాటరీ మార్చి నుంచి అక్టోబరు దాకా దాని పని అది చేస్తుంది, చలికాలంలో ఖాళీగా ఉండటం దాని లోపం కాదు. మరో బ్యాటరీ చేర్చినా ఫలితం ఉండదు. వీలైతే దక్షిణపు గోడకు నిలువుగా కొన్ని ప్యానెళ్లు బిగించుకోండి. వాలి వచ్చే చలికాలపు ఎండను అవి బాగా పట్టుకుంటాయి, వాటి మీద మంచు కూడా నిలవదు.

కాలం నుంచి కాలానికి శక్తిని దాచవలసిన అవసరం నిజంగా ఉన్నది మీలాంటి దేశాలకే. నీటిని విడగొట్టి హైడ్రోజన్‌గా మార్చి భూగర్భంలోని ఉప్పు గుహల్లో నిల్వచేయడం అందుకు ఒక మార్గం. కానీ దాన్ని మళ్లీ కరెంటుగా మార్చేసరికి మొదట పెట్టిన శక్తిలో మూడింట రెండు వంతులు పోతుంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన హైడ్రోజన్ కేంద్రం వంటివి, ఆ వాయువును మళ్లీ కరెంటుగా మార్చడం కోసం కాక, ఎరువులకు కావలసిన అమోనియా వంటి వాటి కోసం ఉద్దేశించినవి. నా దృష్టిలో హైడ్రోజన్‌కు తగిన చోటు అదే.

మీ నాన్నగారికి బ్యాటరీ వద్దని చెప్పండి. పంపుకు చాలినంత బ్యాటరీకి పెట్టే డబ్బుతో పొలంలో పైతట్టున ఒక నీటికుంట తవ్వించి, అడుగున ప్లాస్టిక్ షీటు పరిపిస్తే, ఎండ ఉన్నంతసేపూ పంపు నడిచి కుంటలో నీళ్లు చేరతాయి. మబ్బు పట్టిన రోజున ఆ నీరే డ్రిప్పు పైపుల ద్వారా చెట్లకు అందుతుంది. కుంట పొలం కన్నా ఎంత ఎత్తున ఉంటే డ్రిప్పుకు అంత ఒత్తిడి దొరుకుతుంది. ఎత్తు చాలకపోతే చిన్న మోటారు ఒకటి అవసరమవుతుంది. అనంతపురంలో గాలీ ఎండా రెండూ ఎక్కువే కాబట్టి కుంటలో నీరు త్వరగా ఆవిరవుతుంది. అందువల్ల వెడల్పు తగ్గించి లోతు పెంచమనండి, పైన షేడ్‌నెట్ కప్పిస్తే ఇంకా మంచిది. సౌర పంపుతో తోడటానికి కరెంటు బిల్లు రాదు కదా అని బోరును అదేపనిగా నడిపితే భూగర్భ జలం అడుగంటుతుంది. కుంట నిండగానే పంపు దానంతట అదే ఆగిపోయేలా ఫ్లోట్ స్విచ్ తప్పకుండా పెట్టించండి.